మానవ పరిణామము - మనము చెప్పుచున్న జవాబులు

(సంఘ అధ్యయన కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ అంశమును నాకప్పగించుటలో కమిటీ వారి తెలివి నాకర్థమైనది. అయ్యగారు మాట్లాడితే సైన్సు తెలియదంటారు. బయటి నుండి కాలేజీ వారిని పిలిస్తే విశ్వాసము లేదంటారు. జంతుశాస్త్రము చెప్పి రిటైరైన వాడు, నలభై ఏండ్లుగా క్వయరులో పాడుచున్నవాడు ఒకడు దొరికితే రెండు వైపుల దెబ్బలు వాడే తింటాడు. మంచిదే.

మనిషి ఎట్లు పుట్టెనో పాఠము చెప్పుటకు నేను నిలువబడలేదు. ఆ పాఠము పుస్తకములలో ఉన్నది. మానవ పరిణామమునకు ఫలానా సాక్ష్యమున్నదని ఎవరైనా చూపినప్పుడు మన కృష్ణా డెల్టా విశ్వాసులు ఏమి జవాబు చెప్పుచున్నారు, ఆ జవాబులు ఎంత బరువు మోయగలవు - ఇది చూడవలెనని నా కోరిక.

అన్నిటికన్న ఎక్కువగా నేను విన్న జవాబుతోనే మొదలుపెడతాను. బెజవాడలో చదువంటే ఇప్పుడు కోచింగే. మన పిల్లలలో డాక్టరు కావలెనని బైపీసీ తీసుకొన్న వారు ఇంటింటా ఉన్నారు. వారి పుస్తకములో జీవపరిణామము ఒక అధ్యాయము. నీట్ పరీక్షలో దాని మీద ప్రశ్నలు వస్తవి. ఒక అమ్మాయి నన్ను గుడి మెట్ల దగ్గర పట్టుకొని, "మాస్టారూ, ఈ జవాబు రాస్తే మార్కులొస్తాయి. రాసేటప్పుడు నేను అబద్ధమాడినట్లా?" అని అడిగినది. ప్రక్కనే ఉన్న తల్లి నా కంటె ముందే, "పరీక్షలో రాసెయ్యవే, మనసులో నమ్మకు" అన్నది.

ఆ తల్లిని నేను నిందించను. ఆమె బిడ్డను కాపాడుకొనుచున్నది. అయితే ఆ జవాబు ఏమి నేర్పుచున్నదో చూడండి. సోమవారము నుండి శనివారము వరకు ఒక సత్యము, ఆదివారము పది గంటలకు మరొక సత్యము. పదిహేడేండ్ల పిల్లకు మనమే రెండు నోటుపుస్తకములు కొనిస్తున్నాము. ఆ పిల్ల ఇరవై రెండేండ్లకు వచ్చి వైద్యము చదువునాటికి, రెండింటిలో ఒకటి అటక మీదికి పోవును. ఏది పోవునో నేను చెప్పనక్కరలేదు. ఇటువంటి పిల్లలు క్రిస్మసుకు మాత్రమే కనబడుట మీరూ చూచుచున్నారు.

రెండవ జవాబు ఉజ్జీవ సభలలో బహు ప్రసిద్ధి. "వారి ఎముకలన్నీ బూటకమని రుజువైపోయినది" అంటారు. దీని వెనుక నిజమైన సంగతి ఒకటి ఉన్నది. 1912లో ఇంగ్లండులోని పిల్ట్‌డౌన్ అనే చోట కోతికి మనిషికి నడిమి జీవి పుర్రె దొరికినదని ప్రకటించారు. అది మనిషి పుర్రెకు వాలిడి కోతి దవడను జతచేసి, రంగు పూసి, పండ్లను ఆకురాయితో అరగదీసిన మోసము. నిజమే. కాని ఆ మోసమును బయటపెట్టినది ఎవరు? 1953లో ఎముకలోని ఫ్లోరినును కొలిచి, పండ్ల మీది గీతలను సూక్ష్మదర్శినిలో చూచి, అది దొంగదని లోకమునకు చెప్పినవారు పరిణామమును అంగీకరించిన శాస్త్రజ్ఞులే. బ్యాంకు క్యాషియరు ఒక దొంగనోటును పట్టుకొని ప్రక్కన పెట్టెను. దానిని చూచి బ్యాంకులోని నోట్లన్నీ దొంగవే అని మనము వీధిలో కేకలు వేయుచున్నాము.

మిగిలిన నోట్ల సంగతి కూడ చెప్పవలెను గదా. 1974లో ఇథియోపియాలో దొరికిన లూసీ అనే అస్థిపంజరము 32 లక్షల సంవత్సరముల నాటిది. దాని తుంటి ఎముక, మోకాలు రెండు కాళ్ళ మీద నడిచిన జీవివి. మెదడు మాత్రము చిన్నది. మన దేశములో 1982లో నర్మదా ఒడ్డున హత్నోరా దగ్గర ప్రాచీన మానవుని పుర్రె దొరికినది. నేటికి ఇటువంటి అవశేషములు వేల సంఖ్యలో ఉన్నవి. 2010లో నియాండర్తల్ అనే అంతరించిపోయిన మానవుల ఎముకల నుండి జన్యుపదార్థమును తీసి చదివారు. ఆఫ్రికా ఖండము బయటి ప్రజలందరిలోను, అనగా ఈ హాలులో కూర్చున్న మనలోను, వారి అంశ నూటికి ఇంచుమించు రెండు పాళ్ళు ఉన్నది. ఆ పనికి నాయకుడైన స్వాంటే పాబోకు 2022లో నోబెల్ బహుమానము వచ్చినది.

ఇక మూడవది: "కోతి నుండి మనిషి వస్తే, కోతులు ఇంకా ఎందుకున్నవి?" ఇది అడిగి నవ్వని ప్రసంగీకుడు లేడు, నవ్వని సభ లేదు. దీనికి జంతుశాస్త్రములో కంటె మన సంఘ చరిత్రలో మంచి జవాబున్నది. 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర, తెలుగు సంస్కృతము నుండి పుట్టినది కాదు, తమిళ కన్నడములతో ఒక కుటుంబమునకు చెందినది అని వ్రాసెను. 1856లో రాబర్ట్ కాల్డ్వెల్ ఆ కుటుంబమునకు గొప్ప వ్యాకరణము వ్రాసెను. ఆయన ఎవరనుకొన్నారు? తిరునల్వేలి మిషనెరీ. తరువాత 1877లో బిషప్పు అయినవాడు. ఆయన చేసినదేమి? మనము మూడు అంటాము, కన్నడిగులు మూరు అంటారు, తమిళులు మూన్ఱు అంటారు, అడవిలోని గోండులు మూండు అంటారు. ఇన్ని పోలికలు ఊరక రావు. వీటన్నిటికి ఒక మూలభాష ఉండి, కాలక్రమమున చీలి, మారి, ఇన్నిగా అయినవని నిరూపించెను. ఆ మూలభాషను ఎవరూ వినలేదు. అది మాట్లాడినవారు లేరు. తెలుగు తమిళము నుండి పుట్టలేదు. రెండును మరియొక దాని నుండి పుట్టినవి. "తెలుగు వచ్చిన తరువాత తమిళము ఇంకా ఎందుకున్నది?" అని కాల్డ్వెల్‌ను ఎవరైనా అడిగిరా? మనిషికి, చింపాంజీకి సంబంధము అటువంటిదే. మన ప్రక్కింటి కోతి మన తాత కాదు, బహు దూరపు దాయాది.

ఇంకొక మాట. భాషలు ఎట్లు కలిగినవో ఆదికాండము 11వ అధ్యాయములో బాబెలు గోపురము కథ చెప్పుచున్నది. కాల్డ్వెల్ గ్రంథము ఆ అధ్యాయమునకు విరోధమని మన సంఘములలో ఎవరూ గోల చేసినట్లు నేను వినలేదు. మన పిల్లలు ద్రావిడ భాషా కుటుంబమని బడిలో చదివి, ఆదివారము బాబెలు కథ పాడుచున్నారు. ఎవరి విశ్వాసమూ కూలలేదు. 11వ అధ్యాయమునకిచ్చిన వెసులుబాటును 1వ అధ్యాయమునకు ఎందుకియ్యలేదో నాకిప్పటికి తెలియదు.

"ఎవరు చూచారు?" అనేది నాలుగవ జవాబు. డెల్టాలో పుట్టినవారు ఈ మాట అనకూడదు. మనము నడుచుచున్న నేలను కృష్ణమ్మ ఎట్లు పోసెనో ఎవరు చూచారు? అయినను అది పోసిన మట్టి అని ప్రతి రైతుకు తెలుసును. నేడు సముద్రమునకు ముప్పై కిలోమీటర్లకు పైబడి లోపలనున్న కొల్లేరు, సుమారు ఆరువేల సంవత్సరముల క్రిందట సముద్రమునకు ఆనుకొనియున్న కయ్య. అక్కడి నుండి తీరము వైపు వరుసగా ఉన్న ఇసుక మెరకలు ఒకప్పటి ఒడ్డు ఎక్కడెక్కడ నిలిచెనో చూపు గీతలు. ఐర్లండు ఆర్చిబిషప్పు అషర్ 1650లో లెక్కవేసి, సృష్టి క్రీస్తు పూర్వము 4004లో జరిగెనని చెప్పెను. పాత ఇంగ్లీషు బైబిళ్ళ అంచులలో ఆ అంకె ముద్రించేవారు. అంటే అషర్ గారి లోకము వయస్సంతా మన పై మట్టికే సరిపోవును. దాని క్రింద చమురు కొరకు తవ్విన కృష్ణా గోదావరి బేసినులో ఐదు కిలోమీటర్లకు మించిన మందమున పొరలున్నవి. సూక్ష్మమైన గవ్వజీవుల అవశేషములను చూచియే ఏ పొర ఏ కాలమునాటిదో చమురు కంపెనీల వారు గుర్తించుచున్నారు. ఆ గ్యాసుతో మన ఇండ్లలో అన్నము వండుకొని, ఆ లెక్క తప్పు అనుట ఎట్లు?

"అదంతా నోవహు కాలపు జలప్రళయము పోసినది" అని కొందరు చెప్పుదురు. ఈ వాదము ప్రాచీన సంఘము నుండి వచ్చినది కాదు. 1923లో అమెరికాలో ప్రైస్ అనే అడ్వెంటిస్టు బోధకుడు వ్రాసినది, 1961లో విట్‌కోమ్, మోరిస్ అనువారు పెద్ద పుస్తకముగా చేసినది. ఆ తరువాతనే కరపత్రములుగా లోకమంతట వ్యాపించినది. దీనిని కొవ్వూరు ప్రాంతములోని దుద్దుకూరు క్వారీల దగ్గర పెట్టి చూడండి. అక్కడ క్రింద ఒక నల్లరాతి పొర: సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందట పడమటి నుండి వందల మైళ్ళు పారి వచ్చి చల్లారిన లావా. దాని మీద సముద్రపు గవ్వలున్న సున్నపురాతి పొర. దాని మీద మరల లావా. లావా చల్లారవలెను, సముద్రము రావలెను, గవ్వజీవులు పుట్టి పెరిగి చావవలెను, మరల లావా రావలెను. ప్రళయము ఎట్లుండునో దివిసీమ వారికి వేరే చెప్పవలెనా? 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత ఏమి మిగిలెనో చూచినవారు మన సంఘములలో ఇంకా ఉన్నారు. మనుషులు, పశువులు, చెట్లు, ఇండ్లు కలగాపులగముగా ఒకే బురద. దుద్దుకూరులో అట్టి కలగాపులగము లేదు.

మనిషి గురుతులకును దూరము పోనక్కరలేదు. సాగరు డ్యాము నీటిలో లోయ మునుగకమునుపు 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండలో త్రవ్వకములు జరిపినప్పుడు, బౌద్ధ విహారములు మాత్రమే కాదు, పాతరాతియుగపు పనిముట్లు కూడ దొరికినవి. ఇప్పటి నంద్యాల జిల్లాలోని జ్వాలాపురములో సుమత్రా దీవి అగ్నిపర్వతపు బూడిద పొర ఉన్నది. అది రమారమి 74,000 సంవత్సరముల క్రిందట రాలినది. ఆ బూడిదకు క్రిందను పైనను మనుషులు చెక్కిన రాళ్ళున్నట్లు 2007లో ప్రకటించారు. అంటే ఆకాశమునుండి బూడిద వాన కురిసినప్పుడు మన సీమలో మనుషులున్నారు.

ఇక్కడ ఒక సంగతి మనసులో పెట్టుకొనవలెను. ఈ జవాబులు మనకొక్కరికే సొంతము కావు. 2018లో కేంద్ర మానవవనరుల శాఖ సహాయమంత్రి ఒకరు, కోతి మనిషిగా మారుట మన పూర్వులెవరూ చూడలేదు గనుక డార్విన్ తప్పు అన్నారు. 2019 జనవరిలో జలంధరు సైన్సు కాంగ్రెసులో ఆంధ్ర విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలరు గారు, దశావతారములు డార్విన్ సిద్ధాంతము కంటె మెరుగైనవన్నారు. 2023లో ఎన్సీఈఆర్టీ వారి పదవ తరగతి సైన్సు పుస్తకములో పరిణామము భాగము పోయినది. పదునెనిమిది వందల మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు అభ్యంతరము తెలుపుచు సంతకములు చేసిరి. పన్నెండవ తరగతిలో మాత్రము ఉంచారు. ఈ వార్తలు వచ్చినప్పుడు మనవారు కొందరు లోలోపల సంతోషించారు. దశావతారముల మాటకు నవ్వినవారే! ఎదుటి వారి గ్రంథము సైన్సు పుస్తకము కాదని మనకు తేలికగా కనబడును.

ఇప్పుడు నాకు అన్నిటికన్న బలముగా తోచిన సాక్ష్యము. ఎముకల సంగతి వదలండి. ఎముకలు దొరకక పోయినను ఇది నిలుచును. మనము నిమ్మకాయ, ఉసిరికాయ, కూరగాయలు తినకపోతే చిగుళ్ళు వాచి రక్తము కారును. ఆవుకు, మేకకు, కుక్కకు ఆ బాధ లేదు. విటమిన్ సి వాటి శరీరములోనే తయారగును. దానిని తయారుచేయు జన్యువు మనలోను ఉన్నది, కాని చెడిపోయి పడియున్నది. చింపాంజీలోను ఆ చెడిన జన్యువు అదే చోట ఉన్నది, అనేక చోట్ల ఒకే విధముగా చెడియున్నది.

దీని అర్థమేమి? సి.పి. బ్రౌన్ దొర మచిలీపట్నములో జడ్జీగా పనిచేసిన వాడు. ఆయన వేమన పద్యముల తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత ఒకదానితో ఒకటి పోల్పించెను. ప్రతులు పోల్చువారి సూత్రమొకటి ఉన్నది. రెండు ప్రతులలో సరియైన పద్యము ఒకే తీరుగా ఉంటే అదొక విశేషము కాదు. రెండింటిలో ఒకే చోట ఒకే తప్పు ఉంటే, ఆ రెండును ఒకే పాత ప్రతి నుండి ఎత్తి వ్రాసినవని తేలిపోవును. బైబిలు వ్రాతప్రతులను పరిశోధించిన పండితులును ఇదే సూత్రమును వాడిరి. మన చేతిలోని క్రొత్త నిబంధన పాఠము ఆ విధముగా నిర్ణయింపబడినదే. దేవుడు మనిషిని, చింపాంజీని వేరువేరుగా చేసెనంటే, ఒకే చెడిన జన్యువును రెండింటిలో అదే చోట ఎందుకు పెట్టెను? "అది ఆయన చిత్తము" అని జవాబు చెప్పవచ్చును. కాని అట్లు చెప్పువాడు, దేవుడు మనలను పొరపాటు పడునట్లు చేసెనని చెప్పుచున్నాడని గ్రహించవలెను. నాకు ఆ మాట నోట రాదు.

మన సాక్ష్యపు నిజాయితీ గూర్చి ఇంకొక ఉదాహరణము. 1987లో, నేటి మనుషులందరి తల్లి తరఫు వంశము ఆఫ్రికాలోని ఒక స్త్రీ దగ్గర కలియునని పరిశోధకులు చెప్పి, ఆమెకు హవ్వ అని ముద్దుపేరు పెట్టిరి. అంతే, "సైన్సు హవ్వను కనుగొన్నది" అని మన కరపత్రములు గంతులు వేసినవి. ఆ పరిశోధన చెప్పినది వేరు. ఆ కాలమున ఆమెతో పాటు ఇంకా ఎందరో స్త్రీలున్నారు. వారి తల్లి వరుస మాత్రము నడుమ ఆగిపోయినది. ఆ లెక్క వేసిన విధానమును తప్పంటూ, అందులో వచ్చిన పేరును మాత్రము తీసుకొనుట న్యాయము కాదు.

ఇంతవరకు చెప్పినవన్నీ పైపై జవాబులు. అసలైన జవాబు ఎవరూ మైకులో చెప్పరు. ఒకసారి పొలము పనికి పోయే పెద్దాయన, చదువు లేనివాడు, నాతో అన్నాడు: "మాస్టారూ, మమ్మల్ని జంతువుల కంటె కనాకష్టంగా చూసిన ఊరు ఇది. దేవుడి రూపంలో పుట్టామని గుళ్ళో విన్నాకే మా నాయన తలెత్తి నడిచాడు. ఇప్పుడు మీ పిల్లలొచ్చి మనం కోతులమంటారా?"

ఈ మాట మీద మనము నిలువవలెను. డెల్టాలో మన సంఘములు ఎవరితో కట్టబడినవి? ఎక్కువ భాగము మాలపల్లెల నుండి, మాదిగగూడెముల నుండి వచ్చిన వారితో. ఊరి బావి లేదు, బడి లేదు, వీధిలో నడచుటకు హక్కు లేదు. సృష్టికర్త ముఖము నుండి కొందరు, పాదముల నుండి కొందరు పుట్టిరని చెప్పు కథలో మన తాతలకు పాదముల దగ్గర కూడ చోటు లేదు. అటువంటి వారికి ఆదికాండము మొదటి అధ్యాయము, నరులందరు ఒకే మూలము నుండి, దేవుని స్వరూపమందు కలిగిరని చెప్పెను. అది వారికి సైన్సు పాఠము కాదు, భూమి పట్టా వంటిది. ఆ పట్టాను ఎవడో లాగుకొనుచున్నాడని భయపడి వారు పరిణామమును కాదనుచున్నారు. దానిని మూఢత్వమని ఎగతాళి చేయు చదువుకొన్న వారికి ఆ భయము తెలియదు.

కాని ఆ పట్టాను లాగుకొన్నది ఎవరో చరిత్రలో చూడండి. 19వ శతాబ్దమున తెల్లవారు, నల్లవారు వేరువేరుగా సృజింపబడిన జాతులని వాదించిన పెద్ద శాస్త్రజ్ఞుడు హార్వర్డులోని అగసీ. ఆయన చనిపోవువరకు డార్విన్‌ను ఎదిరించి ప్రత్యేక సృష్టి పక్షమున నిలిచినవాడు. మనుషులందరు ఒకే మూలపు సంతానమని 1871లో గ్రంథము వ్రాసి వాదించినవాడు డార్విన్. ఆయన తల్లి తరఫు తాత వెడ్జ్‌వుడ్, సంకెళ్ళతో మోకరించి తానును మనిషినే కదా అని అడుగు నల్లవాని బొమ్మను బానిసత్వమునకు విరోధముగా పంచిపెట్టిన వాడు. 1799లో స్థాపింపబడి 1841లో రాబర్ట్ నోబుల్‌ను, హెన్రీ ఫాక్స్‌ను మన మచిలీపట్నము పంపిన సి.ఎం.ఎస్. మిషను స్థాపకులును ఆ బానిసత్వ వ్యతిరేకులే. అందులో ముఖ్యుడైన విల్బర్‌ఫోర్సు కుమారుడే 1860లో ఆక్స్‌ఫర్డులో డార్విన్ పక్షమును ఎదిరించిన బిషప్పు! డార్విన్ పుస్తకములో ఆ కాలపు తెల్లవారి గర్వము లేకపోలేదు. ఆయన పేరు చెప్పి తరువాతివారు చేసిన దురాగతములును ఉన్నవి. అది కప్పిపుచ్చను. కాని మూలములో, మానవులు ఒకే కుటుంబమను మాట ఆయనదియు మనదియు.

మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సంస్థలో లాల్జీ సింగ్, తంగరాజ్ గార్లు హార్వర్డు వారితో కలిసి 2009లో ఒక పరిశోధన ప్రకటించారు. దేశములోని 25 సమూహముల నుండి 132 మంది జన్యువులను పరీక్షించారు. అందులో మన మాలలు, మాదిగలు, వెలమలు, వైశ్యులు ఉన్నారు. తేలినదేమనగా, ఈ కులములన్నియు రెండు ప్రాచీన జనసమూహముల కలయిక నుండి వచ్చినవే, పాళ్ళలోనే తేడా. 2013లో అదే బృందము మరియొకటి తేల్చినది: ఆ కలయిక 4,200 నుండి 1,900 సంవత్సరముల క్రిందటి వరకు జరిగినది, ఆ తరువాత కులము దాటి పెండ్లి చేసుకొనుట ఆగిపోయినది. అనగా కులము గోడ సృష్టిలో లేదు, మధ్యలో కట్టబడినది. మన తాతలు విశ్వాసమున పట్టుకొన్న దానికి ఇంతకంటె గట్టి సాక్షి ఏది? ఏ శాస్త్రమునైతే శత్రువనుచున్నామో అదే బోనులోకి వచ్చి మన పక్షమున చెప్పుచున్నది. ఆ సాక్షిని మనమే బయటకు గెంటుచున్నాము.

"పరిణామము నమ్మినవాడు జంతువు వలె బ్రతుకును" అని మరియొక మాట వింటాము. ఈ పట్టణములో ఆ మాట అనువారు పటమట వైపు ఒకసారి చూడవలెను. గోరా గారు, అనగా గోపరాజు రామచంద్రరావు గారు, వృక్షశాస్త్రము చెప్పిన లెక్చరరు. దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడలో ఉద్యోగము పోగొట్టుకొన్నవారు. 1940లో మన జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రము పెట్టి, 1947లో బెజవాడకు తెచ్చారు; 1975లో ఇక్కడనే చనిపోయారు. ఆయన నాస్తికత్వముతో నాకు పొత్తు లేదు. కాని బ్రాహ్మణ కుటుంబములో పుట్టిన ఆ మనిషి దళితవాడలో కాపురముండి, అందరితో కలిసి భుజించి, 1948లో సేవాగ్రాములో తన కుమార్తెను దళిత యువకునికిచ్చి వివాహము చేసెను. ఒకే ఆదాము సంతానమని ప్రతి ఆదివారము ఒప్పుకొను మన కుటుంబములలో సంబంధములు చూచునప్పుడు మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసును. దాని గూర్చి ఇంతకంటె మాట్లాడితే కమిటీ వారు నన్ను మరల పిలువరు.

"అయితే ఆదాము సంగతేమిటి?" అని మీరు అడుగుటకు సిద్ధముగా ఉన్నారు. దాచకుండ చెప్పుచున్నాను. నేటి మనుషుల జన్యువులలోని భేదములను లెక్కించినప్పుడు, మన పూర్వుల సంఖ్య ఎప్పుడును కొన్ని వేల మందికి తగ్గినట్లు కనబడుట లేదు. ఒకే జంట అను మాటతో ఇది సరిపడదు. కొందరు వేదాంతులు, ఆ వేల మందిలో దేవుడు పిలిచి మాట్లాడిన జంట ఆదాము హవ్వలని చెప్పుదురు. కొందరు, ఆదాము అంటే నరుడనియే అర్థము గనుక అది మనందరి కథ అని చెప్పుదురు. పాపము ఎట్లు లోకములోకి వచ్చెనో చెప్పుటకు ఈ రెండు మార్గములలోను కష్టములున్నవి; పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయము చదివినవారికి ఆ కష్టము తెలుసును. నేను రెండవ దాని వైపు మొగ్గుచున్నాను, కాని అయ్యగార్లలో మొదటి దానిని నమ్మువారితో కలిసి బల్ల దగ్గరకు వచ్చుటకు నాకు అడ్డు లేదు.

ఇది మన కాలమున పుట్టిన తెగింపు కాదు. సూర్యుడు నాలుగవ దినమున కలిగితే మొదటి మూడు దినములు ఎట్టివని మూడవ శతాబ్దమున ఓరిగెన్ అడిగెను. ఐదవ శతాబ్దపు ఆరంభమున ఆదికాండముపై పెద్ద గ్రంథము వ్రాసిన అగస్టీను, లోకసంగతులు బాగుగా తెలిసిన అన్యుల ఎదుట క్రైస్తవుడు లేఖనముల పేరట తెలివితక్కువ మాటలు చెప్పితే, వారు పునరుత్థానము గూర్చి మనము చెప్పునది ఎట్లు నమ్ముదురని బాధపడెను. 1884లో పరిణామమును అంగీకరించుచు ఆక్స్‌ఫర్డులో ఉపన్యాసములిచ్చిన ఫ్రెడరిక్ టెంపుల్ 1896లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆయెను. రోమను కతోలిక సంఘములో 1950లో పోపు పన్నెండవ పయస్ ఈ చర్చకు తలుపు తెరచెను. 1996లో రెండవ జాన్ పాల్, ఇది ఊహమాత్రము కాదని చెప్పెను. మానవ జన్యుపటము పనికి నాయకత్వము వహించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ మనవలె ప్రార్థన చేయు విశ్వాసి. పెద్దలు ఒప్పుకొన్నంత మాత్రాన ఒక సంగతి నిజము కాదు. వీరిలో ఎవడును విశ్వాసమును విడిచి ఆ మాట చెప్పలేదని మాత్రమే నేను చూపుచున్నాను.

మరి చేయవలసినదేమి? సండే స్కూలు పెద్ద తరగతిలో ఆదికాండము మొదటి రెండు అధ్యాయములను ప్రక్కప్రక్కన పెట్టి చదివించండి. ఒకదానిలో నరుడు కడపట, రెండవ దానిలో చెట్లకు, జంతువులకు ముందే. ఆ తేడా పిల్లలు కనిపెట్టునట్లు చేయండి; చేసిన వారిని గద్దించకండి. మన సంఘములలో బయాలజీ చెప్పు అధ్యాపకులు చాలమంది ఉన్నారు. వారిని క్వయరుకు, కానుకల లెక్కకు మాత్రమే వాడుచున్నాము. ఉజ్జీవ సభలకు పిలుచు ప్రసంగీకులకు, పిల్లల పాఠ్యపుస్తకములను వేదిక మీద ఎగతాళి చేయవద్దని ముందుగనే ఒక కార్డు వ్రాయండి. ఇక ప్రతి సంవత్సరము యౌవనస్థులను పిక్నిక్కు పేరట తీసుకొనిపోవుచున్నారు గదా, ఈసారి మాచర్ల మీదుగా విజయపురి సౌత్ పోయి, లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియము చూపించండి. బుద్ధుని విగ్రహముల దగ్గర కాదు, రాతి పనిముట్లున్న బీరువా దగ్గర కాసేపు నిలువబెట్టండి. ఆ చేతిగొడ్డలిని చెక్కినవాడు ఎవని స్వరూపమందున్నాడో వారినే అడగండి.

నాకిచ్చిన సమయము దాటినది. ప్రశ్నలు వేయవచ్చును. ముందు వరుసలోని పెద్దలు నన్ను ఇంటి దగ్గర కూడ పట్టుకొనగలరు గనుక, మొదట వెనుక బల్లల మీది పిల్లలకు అవకాశమియ్యవలసినదిగా అధ్యక్షుల వారిని మనవి చేయుచున్నాను.